వేట రైఫిల్‌కి సరైన బుల్లెట్ ఎంచుకోవడం ఎలా: పెట్టె కొనేముందు నుంచి టార్గెట్ కాగితం దాకా

హ్యాండ్‌లోడింగ్ (రైఫిల్ తూటాలు సొంతంగా తయారుచేసుకోవడం) మొదలుపెట్టినవాళ్లు మొదటి నెలంతా పౌడర్ గురించే అడుగుతారు. మూడో నెలలో అదే మనిషి మళ్లీ ఫోన్ చేసి, "అన్నా, ఏ పౌడర్ వేసినా గ్రూప్ రెండంగుళాల కిందికి దిగట్లేదు, రైఫిల్ అమ్మేయమంటావా?" అంటాడు. గ్రూప్ అంటే టార్గెట్ కాగితం మీద రంధ్రాలు ఎంత వెడల్పున పడ్డాయన్న కొలత. ఏ బుల్లెట్ వాడుతున్నావంటే, "షాపులో అదే ఉంది" అని జవాబు. టెక్సస్‌లో నాకు తెలిసిన మనవాళ్లలో నలుగురైదుగురికి ఇదే మాట ఫోన్లో చెప్పీ చెప్పీ, ఇక వరసగా రాసిపెట్టడమే మేలనిపించింది.

ఇందులో పౌడర్ తూకం ఒక్కటి కూడా ఉండదు. అది మీరు కొన్న బుల్లెట్ కంపెనీ లోడింగ్ మాన్యువల్లోనే చూడాలి. ఎవరి నోటిమాటనీ, నా మాటతో సహా, నమ్మి తూచకండి.

అంతటా ఒకటే ఉదాహరణ తీసుకుంటాను: .308 విన్‌చెస్టర్, బోల్ట్ యాక్షన్, 22 అంగుళాల బ్యారెల్, 1:10 ట్విస్ట్ (బ్యారెల్ లోపలి గాళ్లు, అంటే బుల్లెట్‌ని తిప్పే మెలిక చాళ్లు, పది అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతాయి). జంతువు వైట్‌టెయిల్ డీర్. దూరం 250 గజాల లోపు.

## 1. బెంచ్ దగ్గర కూర్చునే ముందు

ఇది అమెరికాలో ఉన్నవాళ్ల కోసం రాస్తున్నది. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటని నిషేధించింది, లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. అక్కడ ఈ పని ఊసే వద్దు.

అమెరికాలోనూ మనవాళ్లు చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. హెచ్-1బీ లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీగానీ తూటాలుగానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నేరమే. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు వర్తిస్తుంది.

ఇక్కడే ఒక మెలిక. టెక్సస్‌లో ప్రైవేట్ స్థలంలో, యజమాని అనుమతితో అడవిపందుల వేటకి 2019 సెప్టెంబర్ నుంచి లైసెన్సు అక్కర్లేదు. "పందులకేగా, లైసెన్సు ఎందుకు?" అనుకుని వీసా మీద ఉన్న మనిషి రైఫిల్ పట్టుకుంటే, రాష్ట్రం దృష్టిలో తప్పు లేకపోయినా ఫెడరల్ దృష్టిలో తప్పే. అనుమానం ఉంటే ముందు లాయర్ని అడగండి, తర్వాతే షాపుకి వెళ్లండి.

- హంటింగ్ లైసెన్సు చేతిలో ఉందా, గడువు ఎప్పటిదాకా?
- 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి టెక్సస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ తప్పనిసరి. పూర్తయిందా?
- మీరు వేటాడే రాష్ట్రంలో సీసం బుల్లెట్లకి అనుమతి ఉందా? కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకి సీసం లేని బుల్లెట్లే వాడాలి.
- కళ్లద్దాలు ఉన్నాయా? బెంచ్ పక్కన తిండీ తాగుడూ లేవుగా? పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కునే ఏర్పాటు ఉందా?

## 2. మాటలు సరిచూసుకుందాం

తెలుగులో మనకి అన్నీ తూటాలే. బుల్లెట్ అంటే ముందు గుర్తొచ్చేది మోటార్‌సైకిల్. ఇక్కడ మాత్రం బుల్లెట్ అంటే కాట్రిడ్జ్ (పూర్తి తూటా) కొనలో కూర్చుని, బ్యారెల్ దాటి ఎగిరిపోయే లోహపు ముక్క ఒక్కటే. ఇత్తడి గొట్టం కేస్. దాని అడుగున ప్రైమర్, లోపల పౌడర్.

ఒజైవ్ అంటే బుల్లెట్ ముక్కు వంపు. ఆ వంపు మీద బ్యారెల్ లోపలి గాళ్లని మొదట తాకే చోటు ఒకటుంటుంది. మన కొలతలన్నీ దాని చుట్టూనే.

గ్రెయిన్ తూకం కొలత. 7,000 గ్రెయిన్లు ఒక పౌండు. పాతకాలం కంసాలి తక్కెడలో వేసే గురివింద గింజలో దాదాపు సగం బరువన్నమాట.

కాట్రిడ్జ్ పేర్లు చూసి మోసపోకండి. .30-06కీ, .308 విన్‌చెస్టర్‌కీ బుల్లెట్ వ్యాసం .308 అంగుళమే. కానీ .270 విన్‌చెస్టర్‌కి .277, 6.5 క్రీడ్‌మూర్‌కి .264, 7 ఎంఎంకి .284, .303 బ్రిటిష్‌కి .311. పెట్టె మీద వ్యాసం అంకె చదవకుండా డబ్బు కట్టకండి.

## 3. రైఫిల్ నుంచి మూడు కొలతలు

ముందు రైఫిల్ ఖాళీ అని కళ్లతో చూడండి, వేలు పెట్టి చూడండి. బోల్ట్ తీసి పక్కన పెట్టండి. గదిలో లైవ్ తూటా ఒక్కటి కూడా ఉండకూడదు.

ట్విస్ట్. బ్యారెల్ మీద చెక్కి ఉంటే సరే. లేకపోతే, హ్యాండిల్ దగ్గర తిరిగే రకం క్లీనింగ్ రాడ్‌కి గుడ్డముక్క బిగుతుగా చుట్టి చాంబర్ (తూటా కూర్చునే చోటు) వైపు నుంచి లోపలికి తోయండి. గుడ్డ గాళ్లని పట్టుకున్నాక రాడ్ పైభాగంలో స్కెచ్ పెన్నుతో గీత పెట్టి, చాంబర్ అంచు ఎక్కడుందో టేపుతో గుర్తు చేయండి. మెల్లగా తోస్తుంటే గీత పక్కకి తిరుగుతుంది. అది పూర్తి చుట్టు తిరిగి మళ్లీ పైకి వచ్చేసరికి రాడ్ ఎన్ని అంగుళాలు లోపలికి వెళ్లిందో అదే మీ ట్విస్ట్. మూడుసార్లు చేసి సగటు తీయండి, గుడ్డ జారితే అంకె తప్పుతుంది.

మ్యాగజైన్ పొడవు. లోపలి పొడవు క్యాలిపర్‌తో కొలవండి. .308 విన్‌చెస్టర్ కాట్రిడ్జ్ మొత్తం పొడవుకి పరిశ్రమ పెట్టిన గరిష్ఠ హద్దు 2.810 అంగుళాలు. చాలా మ్యాగజైన్లు దానికన్నా కాస్తే ఎక్కువ చోటిస్తాయి.

గాళ్ల దాకా దూరం. దీనికి ఓవరాల్ లెంగ్త్ గేజ్ అమ్ముతారు. చాంబర్లో గేజ్ పెట్టి, బుల్లెట్ని వేలితో గాళ్లకి తాకేదాకా తోసి, బిగించి, బయటికి తీసి కొలవడమే. బలంగా తోస్తే బుల్లెట్ గాళ్లలో ఇరుక్కుంటుంది, అంకె పెరుగుతుంది. ఈ కొలత బుల్లెట్ మారితే మారుతుంది కాబట్టి ప్రతి రకానికీ విడిగా తీయాలి.

ఈ మూడూ ఒక కార్డు మీద రాసి రైఫిల్ కేసులో పెట్టేయండి. షాపులో నిలబడి గుర్తు తెచ్చుకోవడం మనవల్ల కాదు.

## 4. తాకేటప్పటి వేగాన్ని బట్టి రకం ఎంచుకోండి

నేను అందరితోనూ వాదించేది ఇక్కడే. మనవాళ్లు కాగితం మీద గ్రూప్ చూసి బుల్లెట్ కొంటారు. వేట బుల్లెట్ పనిలో సగం జంతువుని తాకాక మొదలవుతుంది. అక్కడ సరిగ్గా తెరుచుకోకపోతే (ముక్కు పుట్టగొడుగులా విచ్చుకోకపోతే) కాగితం మీద అరంగుళం గ్రూప్ ఉన్నా గాయపడిన జింకని రాత్రంతా టార్చిలైట్లతో వెతుక్కోవాలి.

మన ఉదాహరణలో 165 గ్రెయిన్ల బుల్లెట్ మూతి దగ్గర సెకనుకి సుమారు 2,650 అడుగులతో బయల్దేరితే, 300 గజాల దగ్గర 2,050 చుట్టూ ఉంటుంది. ఈ రెండు అంకెల మధ్య ఎక్కడ తాకినా నమ్మకంగా తెరుచుకునే బుల్లెట్ కావాలి.

మామూలు కప్-అండ్-కోర్. రాగి తొడుగు, లోపల సీసం. హార్నడీ ఇంటర్‌లాక్, సియెర్రా గేమ్‌కింగ్ ఈ తరహావి. చవక, చాలా రైఫిళ్లకి నచ్చుతాయి. డీర్‌కి, మామూలు దూరాలకి ఇంతకు మించి అవసరం లేదు. మొదటి పెట్టె ఇదే కొనమంటాను.

బాండెడ్, పార్టిషన్. తొడుగూ సీసమూ విడిపోకుండా అతికించినవి బాండెడ్, నోస్లర్ అక్యూబాండ్ లాగా. మధ్యలో రాగి అడ్డుగోడ ఉన్నది నోస్లర్ పార్టిషన్. దగ్గర దూరంలో భుజం ఎముక తగిలినా ముక్కలైపోవు. పెద్ద పందులకీ, ఎల్క్‌కీ డబ్బు పెట్టదగినవి.

పూర్తి రాగి. బార్న్స్ టీటీఎస్ఎక్స్ లాంటివి. బరువు దాదాపు మొత్తం నిలుపుకుంటాయి, మాంసంలో సీసం తునకలుండవు. ఇంట్లో చిన్నపిల్లలు ఆ మాంసం తింటారనుకుంటే నేను వీటివైపే మొగ్గుతాను. సీసం సన్నటి తునకలు గాయానికి చాలా దూరం దాకా చిమ్ముతాయి, కత్తికి తగలవు, కంటికి ఆనవు. అయితే రాగి గట్టిది, తెరుచుకోవాలంటే వేగం కావాలి. అందుకే ఒక మెట్టు తేలిక బరువు ఎంచుకోండి: సీసంలో 165 వాడే చోట రాగిలో 150 గానీ 130 గానీ.

మ్యాచ్ బుల్లెట్లు. కాగితం కోసం చేసినవి. సియెర్రా తన మ్యాచ్‌కింగ్‌ని వేటకి వాడమని చెప్పదు. ముక్కులో చిన్న రంధ్రం కనిపిస్తుంది కదా, అది తెరుచుకోవడానికి కాదు, తయారీలో మిగిలింది. ఒకసారి తెరుచుకుంటుంది, ఒకసారి సూదిలా దూసుకుపోతుంది. ఆ "ఒకసారి" మీద జంతువు ప్రాణాన్ని పందెం వేయకూడదు.

ఎంచుకున్న రకానికి కనీస తాకుడు వేగం ఎంతో కంపెనీ చెబుతుంది. చాలా సీసం బుల్లెట్లకి అది 1,800 చుట్టూ, రాగివాటికి ఇంకొంచెం ఎక్కువ. మీ గరిష్ఠ దూరంలో మిగిలే వేగం దానికన్నా కనీసం 200 ఎక్కువ ఉండేలా చూసుకోండి.

ట్యూబ్ మ్యాగజైన్ లీవర్ యాక్షన్ ఉన్నవాళ్లకి ఒక హెచ్చరిక. .30-30 లాంటి వాటిలో తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, వెనకదాని కొన ముందుదాని ప్రైమర్‌కి ఆనుతుంది. మొనదేలిన గట్టి బుల్లెట్ పెడితే ట్యూబ్‌లోనే పేలే ప్రమాదం ఉంది. బల్లపరుపు ముక్కువి, లేదా వాటికోసమే చేసిన మెత్తటి కొనవి మాత్రమే వాడాలి.

## 5. ట్విస్ట్‌కి తగ్గ పొడవు

పొట్టి బొంగరం కాస్త తిప్పినా నిలబడి తిరుగుతుంది. సన్నగా పొడుగ్గా ఉన్నదాన్ని నిలబెట్టాలంటే తాడు గట్టిగా లాగాలి. బుల్లెట్ సంగతీ అంతే. పొడవు పెరిగేకొద్దీ వేగంగా తిప్పే బ్యారెల్ కావాలి, అంటే ట్విస్ట్ అంకె చిన్నదవ్వాలి: 1:12 కన్నా 1:10, దానికన్నా 1:8 వేగం.

అందరూ బరువు చూస్తారు. చూడాల్సింది పొడవు. రాగి సీసం కన్నా తేలిక కాబట్టి, అదే బరువున్న రాగి బుల్లెట్ పొడుగ్గా ఉంటుంది. నీలిరంగో ఎర్రరంగో ప్లాస్టిక్ కొన ఉంటే ఇంకా పొడవు.

- .308, 1:10: 180 గ్రెయిన్ల దాకా మామూలుగా ఇబ్బంది ఉండదు.
- .308, 1:12: 165–168 దాకా నిశ్చింత. రాగి అయితే 150 దగ్గర ఆగండి.
- .243, 1:10: 100 గ్రెయిన్ల మామూలు బుల్లెట్లు సరే. 105 పైన పొడుగ్గా సాగిన వాటికి 1:8 కావాలి.
- 6.5 క్రీడ్‌మూర్, 1:8: 140 చుట్టూ ఉన్నవన్నీ సుఖంగా నడుస్తాయి.

హద్దు మీద ఉన్నవాటికి ఆన్‌లైన్ స్టెబిలిటీ క్యాలిక్యులేటర్‌లో పొడవు, బరువు, వ్యాసం, ట్విస్ట్, వేగం వేయండి. జవాబు 1.5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ రావాలి. ఉష్ణోగ్రత గడిలో ఆగస్టు ఎండ కాకుండా మీరు వేటకెళ్లే జనవరి తెల్లవారుజాము చలి వేయండి. చల్లగాలి చిక్కగా ఉంటుంది, బుల్లెట్‌ని నిలబెట్టడం కష్టం.

కాగితం మీద రంధ్రం గుండ్రంగా కాకుండా తాళంచెవి కంతలా కోలగా పడితే, బుల్లెట్ పల్టీలు కొడుతోందన్నమాట. అక్కడితో ఆ పెట్టె పక్కన పెట్టేయండి, పౌడర్ మార్చి బాగుచేయలేరు.

## 6. కొనేటప్పుడు

రెండు రకాలు ఎంచుకోండి, ఐదు కాదు. మన రైఫిల్‌కి ఒకటి 165 గ్రెయిన్ల కప్-అండ్-కోర్, రెండోది 150 గ్రెయిన్ల రాగి. ఒక్కో పెట్టె. ఐదు రకాలు తెచ్చినవాళ్లు ఏదీ సరిగ్గా పరీక్షించకుండానే సీజన్ అయిపోగొడతారు. నేనూ ఆ పని చేసినవాణ్ణే.

పెట్టె చివర లాట్ నంబర్ ఉంటుంది. ఒకే అచ్చులో, ఒకే విడతలో తయారైనవి ఒకే లాట్. ఒక రకం మీ రైఫిల్‌కి నచ్చిందని తేలాక, అదే లాట్ పెట్టెలు మూడో నాలుగో ఒకేసారి కొనేయండి. బుల్లెట్ల నిలకడ కోసం మీరు చేసే పనుల్లో అన్నిటికన్నా తేలికైనదీ, ఎక్కువ ఫలితమిచ్చేదీ ఇదే.

రెండేళ్ల కిందట మూడు పెట్టెలు కొన్నాను. ఒకే పేరు, ఒకే బరువు, ఒకే రంగు కాగితం. మొదటి రెండూ బంగారంలా కొట్టాయి. మూడోదానితో గ్రూప్ విచ్చుకుంది, పైగా ఎడమకి జరిగింది. స్కోప్ స్క్రూలు బిగించాను, బ్యారెల్ కడిగాను, నా చేతినే అనుమానించాను. రెండు వారాంతాలు, ఇరవై గ్యాలన్ల పెట్రోలు, సగం పెట్టె బుల్లెట్లు అయ్యాక లాట్ నంబర్ చూస్తే వేరు. ఒజైవ్ దగ్గర కొలిస్తే తొమ్మిది వేలవంతుల అంగుళం తేడా. డై (బుల్లెట్‌ని కేస్‌లోకి నొక్కి కూర్చోబెట్టే పనిముట్టు) సెట్టింగ్ మార్చలేదు కదా, అన్నీ గాళ్లకి అంత దగ్గరగా కూర్చుంటున్నాయి. డై సరిచేశాక గ్రూప్ మళ్లీ దగ్గరపడింది.

## 7. పెట్టె తెరిచాక: 20 బుల్లెట్ల పరీక్ష

పెట్టె మొత్తం కొలవక్కర్లేదు. పైనా కిందా మధ్యలోంచి కలిపి 20 తీయండి.

కంటిచూపు. తెల్ల తువ్వాలు మీద పరిచి ఒక్కొక్కటీ వేళ్ల మధ్య తిప్పండి. అడుగు అంచు చూడండి, ముక్కు తర్వాత. బుల్లెట్ బ్యారెల్ వదిలే ఆఖరి క్షణంలో వెనక నుంచి తోసే గ్యాస్ ఆ అంచు మీదుగానే తప్పించుకుంటుంది. అంచు ఒకపక్క నొక్కుకుని ఉంటే గ్యాస్ ఒకపక్క ముందు లీకై బుల్లెట్‌ని పక్కకి నెడుతుంది. సీసం కొన కాస్త సొట్టపడితే వేట దూరాల్లో ఏమీ కాదు.

బరువు. ఫ్యాన్ ఆపండి, ఏసీ గాలి స్కేలు మీద పడకుండా చూడండి. డిజిటల్ స్కేలు ఆన్ చేసి పావుగంట వేడెక్కనిచ్చి, చెక్ వెయిట్ పెట్టి సరిచూశాక మొదలుపెట్టండి. ప్రతి ఐదు బుల్లెట్లకీ ఒకసారి సున్నాకి వస్తోందా చూడండి.

165 గ్రెయిన్ల మామూలు వేట బుల్లెట్లు అటూ ఇటూ అర గ్రెయిన్ తేడాలో ఉంటే చాలు. ఒక గ్రెయిన్ తేడా ఉన్నా వేగంలో తేడా పది అడుగుల లోపే ఉంటుంది. 300 గజాల దగ్గర అది అంగుళంలో ఆరో వంతు. జింక ఊపిరితిత్తుల ప్రాంతం ఎనిమిదంగుళాల పళ్లెమంత. దానికోసం రాత్రి రెండింటిదాకా తూచక్కర్లేదు. మందలోంచి తప్పిపోయినట్టు ఒకటి మూడు గ్రెయిన్లు తేడాగా కనిపిస్తే మాత్రం తీసేయండి, లోపల సీసంలో బొరియ ఉండొచ్చు.

అడుగు నుంచి ఒజైవ్ దాకా. దీనికి కంపారేటర్ కావాలి, క్యాలిపర్ దవడకి తగిలించే చిన్న ముక్క. .30 క్యాలిబర్ ఇన్సర్ట్ పెట్టి, దవడలు మూసి, సున్నా చేయండి. బుల్లెట్ అడుగు ఒక దవడకి చదునుగా ఆనాలి, ముక్కు ఇన్సర్ట్ రంధ్రంలోకి దూరాలి. దవడ మూస్తూ బుల్లెట్‌ని వేలితో అర చుట్టు తిప్పండి, అప్పుడు కుదురుగా కూర్చుంటుంది. ప్రతిసారీ ఒకే బలంతో నొక్కండి. అలవాటయ్యేదాకా ఒకే బుల్లెట్‌ని పదిసార్లు కొలవండి. ఆ పది అంకెల్లోనే మూడు వేలవంతుల తేడా వస్తుంటే, తప్పు మీ బొటనవేలిది.

మొత్తం పొడవు కొలిచి కంగారుపడకండి. కొనలు ఎప్పుడూ ఎగుడుదిగుడుగానే ఉంటాయి.

20 అంకెలూ కాగితం మీద రాశాక ఇలా తేల్చుకోండి:

- అన్నీ మూడు వేలవంతుల లోపల ఉన్నాయి: ఏమీ ఏరక్కర్లేదు, లోడ్ చేసుకోండి.
- నాలుగు నుంచి ఆరు: పెట్టెని పొట్టి, పొడుగు అని రెండు గుంపులు చేయండి. ఒక గుంపు పరీక్షకి, రెండోది సీజన్లో స్కోప్ సరిచూసుకోవడానికి.
- రెండు వేర్వేరు గుంపులుగా విడిపోయి మధ్యలో ఖాళీ కనిపిస్తోంది: రెండు అచ్చుల సరుకు ఒకే పెట్టెలో పడింది. మొత్తం పెట్టె ఏరండి.
- ఏ గుంపుకీ చెందనివి: బ్యారెల్ కడిగాక వేసే మొదటి రెండు రౌండ్లకి వాడేయండి.

ఉత్త బుల్లెట్ అక్షం వంకరో కాదో తేల్చే ఖరీదైన పరికరాలున్నాయి. 250 గజాల వేటకి అవి కొనకండి. ఆ డబ్బుతో ఇంకో రెండు పెట్టెలు వస్తాయి.

## 8. డమ్మీ రౌండ్, ఆ తర్వాత సీటింగ్

సైజ్ చేసిన (డైలో నొక్కి తిరిగి కొలతకి తెచ్చిన) కేస్‌లో ప్రైమర్ లేకుండా, పౌడర్ లేకుండా బుల్లెట్ కూర్చోబెట్టి ఒక డమ్మీ చేయండి. మ్యాగజైన్లో పడుతుందా, చాంబర్లోకి సాఫీగా వెళ్తుందా, బోల్ట్ మూసి తెరిచాక బుల్లెట్ మీద గాళ్ల గీతలు పడ్డాయా చూడండి. గీతలుంటే బుల్లెట్ గాళ్లలోకి దూరుతోంది. వేట తూటాకి అది పనికిరాదు: పీడనం పెరుగుతుంది, కాల్చకుండా తూటా బయటికి తీస్తే బుల్లెట్ బ్యారెల్లోనే ఉండిపోయి పౌడర్ యాక్షన్ నిండా ఒలుకుతుంది.

మొదటి అడుగు మాన్యువల్లో ఆ బుల్లెట్‌కి చెప్పిన పొడవు. దానితో మొదలుపెట్టి, అవసరమైతే కొద్దికొద్దిగా మార్చండి. రాగి బుల్లెట్లకి గాళ్ల నుంచి కాస్త ఎక్కువ దూరం నచ్చుతుంది. బార్న్స్ 0.050 అంగుళం దగ్గర మొదలుపెట్టమంటుంది. "గాళ్లకి ఎంత దగ్గరైతే అంత మంచిది" అని పోటీ షూటర్లు చెప్పేమాట వీటికి అతకదు.

ఇక నొక్కి చెప్పాల్సినది ఇది. బుల్లెట్ మారిస్తే, బరువు ఒకటే అయినా, పాత పౌడర్ తూకం చెల్లదు. రాగి బుల్లెట్ గట్టిగా, పొడుగ్గా ఉంటుంది, బ్యారెల్ని రాసుకునే భాగం వేరు, కేస్ లోపల ఆక్రమించే చోటు వేరు. మాన్యువల్లో కొత్త బుల్లెట్ పేజీ తెరిచి స్టార్టింగ్ లోడ్ (అక్కడ ఇచ్చిన అతి తక్కువ తూకం) నుంచి మళ్లీ మొదలు.

## 9. రేంజ్‌లో ఎవరు నెగ్గారో తేల్చడం

మూడు రౌండ్లు కొట్టి, ఫోన్లో ఫొటో తీసి, "సబ్-ఎంఓఏ" అని వాట్సాప్‌లో పెట్టే అలవాటు మానుకుందాం. ఎంఓఏ అంటే మినిట్ ఆఫ్ యాంగిల్, డిగ్రీలో అరవయ్యో వంతు కోణం; 100 గజాల దగ్గర ఒక ఎంఓఏ అంటే 1.047 అంగుళం. సగటున మూడు రౌండ్లకి ఒక అంగుళం ఇచ్చే రైఫిల్, అదే తూటాలతో పది రౌండ్లకి దాదాపు 1.6 అంగుళాలు ఇస్తుంది. రైఫిల్ చెడిపోలేదు, మూడు రౌండ్లు దాని నిజస్వరూపం దాచాయంతే.

1. బ్యారెల్ శుభ్రం చేశాక రెండు రౌండ్లు ఊరికే కొట్టండి.
2. మొదటి రకంతో ఐదు. ప్రతి రౌండుకీ మధ్య నిమిషం. ఐదయ్యాక బ్యారెల్ చేత్తో పట్టుకోగలిగేంత చల్లారేదాకా ఆగండి.
3. రెండో రకం రాగి అయితే మధ్యలో బ్యారెల్ మళ్లీ కడగాలి, రెండు రౌండ్లు ఊరికే కొట్టాలి. ఆ తర్వాత ఐదు.
4. ఇంకో రోజు, ఇంకో వాతావరణంలో ఇదే మళ్లీ. టార్గెట్ మార్చినా గురిచుక్క ఒకటే ఉండాలి. రెండు కాగితాలూ ఒకదానిమీద ఒకటి పెట్టి వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే పది రౌండ్ల గ్రూప్ కనిపిస్తుంది.
5. మూడో రోజు, చల్లటి బ్యారెల్‌తో ఒకే ఒక్క రౌండు. వేటలో మీకు దొరికేది అదొక్కటే.

100 గజాల దగ్గర పది రౌండ్లు రెండంగుళాల్లో పడితే, ఆ బుల్లెట్ 200 గజాల డీర్ వేటకి సరిపోతుంది. అక్కడితో ఆపేసి, బెంచ్ వదిలి కూర్చుని, మోకాలి మీద, కర్రకి ఆనించి కొట్టడం సాధన చేయండి. బెంచ్ మీద ఇంకో పావంగుళం తగ్గించడానికి పెట్టే శ్రమ అడవిలో అక్కరకి రాదు.

## 10. తప్పులు, మరమ్మతులు

రెండు గ్రూపులుగా పడుతోంది. పెట్టెలో రెండు అచ్చులు కలిశాయా ఒజైవ్ కొలిచి చూడండి. అది కాకపోతే స్కోప్ స్క్రూలు, స్టాక్ స్క్రూలు.

నిలువుగా సాగుతోంది. బుల్లెట్‌ని నిందించకండి. పౌడర్ తూకంలో నిలకడ, కేస్ మెడ పట్టు, బెంచ్ మీద రైఫిల్ ఆనించే తీరు ముందు చూడండి.

బ్యారెల్ వేడెక్కేకొద్దీ పక్కకి నడుస్తోంది. సన్నటి వేట బ్యారెల్ గుణమది. ఆగి కొట్టండి.

రాగి బుల్లెట్లు మొదట్లో బాగా కొట్టి తర్వాత చెదురుతున్నాయి. బ్యారెల్లో రాగి పేరుకుంది. కాపర్ సాల్వెంట్‌తో కడగండి. మామూలు బుల్లెట్లూ రాగివీ ఒకదాని వెంట ఒకటి కొట్టినా ఇదే గోల.

బుల్లెట్ మీద సీటింగ్ డై ఉంగరంలా గుర్తు వేస్తోంది. డై లోపలి స్టెమ్ ఆ ముక్కు వంపుకి సరిపోవట్లేదు. పొడుగు ముక్కు బుల్లెట్లకి వేరే స్టెమ్ దొరుకుతుంది.

కాగితం మీద బాగుంది, జింక మాత్రం పడిన జాడ లేకుండా పరుగెత్తింది. తాకిన చోటు ముందు గుర్తు తెచ్చుకోండి, చాలాసార్లు తప్పు అక్కడే. ఊపిరితిత్తుల్లో తగిలినా జింక వంద గజాలు పరుగెత్తగలదు. అది దొరికాక బుల్లెట్ బయటికొచ్చిన రంధ్రం లోపలికి దూరిన రంధ్రమంతే సన్నగా ఉంటే బుల్లెట్ తెరుచుకోలేదు: దూరం తగ్గించండి, లేదా మెత్తటిదానికి మారండి.

## 11. పెట్టెల మీద చీటీ, బ్యాగులో సోదా

ప్రతి లోడ్ పెట్టె మీదా రాయాల్సినవి:

- బుల్లెట్ పేరు, బరువు, లాట్ నంబర్
- ఒజైవ్ సగటు, కాట్రిడ్జ్ ఒజైవ్ దాకా పొడవు
- ఏ మాన్యువల్, ఏ పేజీ, పౌడర్ పేరు, తూకం
- ఏ రైఫిల్ కోసం, ఏ తేదీ

ఒక రైఫిల్‌కి చేసినవి ఇంకో రైఫిల్‌కి ఇవ్వకండి, తమ్ముడు అడిగినా, బావమరిది అడిగినా.

చివరి సోదా బెంచ్ మీద కాదు, బ్యాగులో. టెక్సస్ డీర్ సీజన్ జనవరి దాకా ఉంటుంది, సంక్రాంతి విమానం కూడా అప్పుడే. వేటకి వేసుకెళ్లిన బ్యాక్‌ప్యాక్ ఖాళీ చేసి అదే ఊరికి తెచ్చేవాళ్లున్నారు. పక్కజేబు మూలలో మిగిలిన ఒక్క తూటా చాలు, శంషాబాద్‌లోనో ఢిల్లీలోనో స్కానర్ కింద దొరికితే ఆయుధాల చట్టం కింద కేసు, తర్వాత కోర్టుల చుట్టూ తిరగడం. నేను వేటకి వాడే బ్యాగుకి పట్టీ మీద ఎర్రగుడ్డ ముడి వేసి గరాజ్ మేకుకే తగిలించి ఉంచుతాను. ఇంట్లో ఎవరు అడిగినా అది ప్రయాణానికి ఇవ్వను.